ఎక్సెల్‌లో మన జనన మరణాల గ్రాఫ్: 1918 ఫ్లూ ఎక్కడ? కోవిడ్ ఎక్కడ?

అందరికీ నమస్కారం అండి. స్క్రీన్ కనబడుతోంది కదా, షీట్ తెరిచే ఉంచాను. ఈ రోజు జనాభా పరిణామ సిద్ధాంతం, అదే డెమోగ్రాఫిక్ ట్రాన్సిషన్, అంటే ముందు మరణాల రేటు, ఆ తర్వాత జననాల రేటు ఎక్కువ నుంచి తక్కువకి దిగడం, మన దేశం అంకెలతో గ్రాఫ్ గీసి చూద్దాం. పుస్తకాల్లో ఆ నాలుగు దశల బొమ్మ చూసే ఉంటారు, గీతలు నున్నగా వంపు తిరిగి ఉంటాయి. అసలు అంకెలు పెడితే అలా రాదు, చూస్తారుగా.

మూడు కాలమ్స్. ఏలో సంవత్సరం, బీలో జననాల రేటు, సీలో మరణాల రేటు. రెండూ వెయ్యి మందికి. టైప్ చేసేశాను, పాజ్ కొట్టి ఎక్కించుకోండి. డీలో బీ మైనస్ సీ. ఎంటర్. లాగక్కర్లేదండి, గడి మూల మీద ఆ చిన్న చుక్క ఉంది చూశారా, దాని మీద డబుల్ క్లిక్. అయిపోయింది, కింద దాకా నిండిపోయింది.

ఇప్పుడు ఏ కాలమ్. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ వరస చూడండి, 48.1, 47.2. ఇది 1911 నుంచి 1921 దాకా పదేళ్ల సగటు. ఒక్క ఏడాది లెక్క కాదు, పదేళ్ల సగటు. అప్పట్లో పుట్టిందీ పోయిందీ నమోదయ్యేది అంతంతమాత్రం, అందుకని సెన్సస్ నుంచి వెనక్కి కట్టిన అంచనా ఇది. మరి ఏలో ఏం వేయాలి? చాలామంది 1921 అని వేసేస్తారు. వద్దు. పదేళ్ల సగటు కాబట్టి నడిమి ఏడాది వేయండి, 1916. తర్వాతది 1926, ఆ తర్వాత 1936, అలా 1976 దాకా. 1991 నుంచి నేను తీసుకున్నవి ఎస్ఆర్ఎస్, అంటే ప్రభుత్వ నమూనా నమోదు సర్వే అంకెలు, అవి ఏ ఏడాదికి ఆ ఏడాదివే. అక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు.

సరే, ఏ బీ సీ సెలెక్ట్, ఇన్సర్ట్, స్కాటర్, గీతలున్నది. లైన్ చార్ట్ జోలికి పోవద్దు. దానికి సంవత్సరం ఉత్త పేరు. 1976కీ 1991కీ మధ్య పదిహేనేళ్లు, 2020కీ 2021కీ మధ్య ఒక్క ఏడాది, రెండు చోట్లా ఒకే ఎడం పెట్టేస్తుంది. యాక్సిస్ మీద క్లిక్, కంట్రోల్ వన్, మినిమమ్ 1900. నేనైతే ఫార్మాటింగ్ ఏదైనా కంట్రోల్ వన్‌తోనే కానిచ్చేస్తాను, రైట్ క్లిక్ మెనూలో వెతకడం నా వల్ల కాదు.

వచ్చింది. కింది గీత మరణాలు. 47.2, 36.3, 31.2, 27.4, జారిపోతూనే ఉంది. పై గీత మాత్రం 1956 దగ్గర కూడా 41.7. 1966, 1976 రెండు చుక్కల దగ్గరా తేడా 22.2, అంతకు మించి ఎక్కడా లేదు. జనాభా ఉరికిందంటే ఇక్కడే.

ఇంతకీ ఫ్లూ ఏది? 1906 దగ్గర 42.6, 1916 దగ్గర 47.2. అంతే, చిన్న బొడిపె. 1918 ఫ్లూకి మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా పోయారని అంచనాలు. బొడిపె ఇంతేనా? లెక్క కట్టండి. నడిమిన కోటిన్నర అనుకుందాం. పాతిక కోట్ల జనంలో కోటిన్నర అంటే వెయ్యికి 60. పదేళ్లకి పంచితే 6. ఆ పంపకంలో శిఖరం కాస్తా చదునైపోయింది.

ఇంకోటి. డీలో 1916 దగ్గర ప్లస్ 0.9 ఉంది, సెన్సస్ చూస్తే 25.2 కోట్ల నుంచి 25.1కి తగ్గింది. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి తెలుసు, 1921 మహా విభాజక సంవత్సరం, అక్కడి నుంచే జనాభా ఆగకుండా పెరిగింది. మరి ప్లస్ ఎలా వచ్చింది? అంచనా అన్నాం కదా, దశాంశం దాకా నమ్మకండి.

ఇప్పుడు కుడి చివర. 2020లో 6.0, 2021లో 7.5. ఇది ఒక్క ఏడాది చుక్క, దీన్నీ 1916 బొడిపెనీ పక్కపక్కన పెట్టి ఎత్తు కొలవకూడదు. నమోదైన మరణాలే 2019లో 76 లక్షలు, 2021లో కోటి దాటాయి. 2020, 21 కలిపి మామూలుకంటే 47 లక్షల మంది ఎక్కువ పోయారని డబ్ల్యూహెచ్ఓ అంచనా. కేంద్రం ఒప్పుకోలేదు, అధికారిక కోవిడ్ లెక్క అప్పటికి 4.8 లక్షలు.

అయినా డీ చూడండి, 2021లో 11.8. నూట నలభై కోట్ల మీద కోటిన్నర పైనే పెరిగినట్టు. ఫ్లూ పదేళ్ల పెరుగుదలని మింగేసింది, కోవిడ్ ఒక్క ఏడాది పెరుగుదలని కూడా ఆపలేదు. జబ్బు తీవ్రత ఒక్కటే కారణం కాదు. 1918లో రెండు గీతలూ దాదాపు అతుక్కుని ఉన్నాయి, ఇప్పుడు మధ్యలో ఎడం ఉంది. కోవిడ్ దెబ్బ తెలియాలంటే ఆయుర్దాయం చూడాలి. ఐక్యరాజ్యసమితి 2022 అంచనాల్లో 2019కి 70.9 ఏళ్లు, 2021కి 67.2.

ఆ ఎడం కూడా అంతటా ఒకేలా లేదు. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో, అంటే అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒక్కో మహిళకి సగటున బీహార్‌లో 3.0 మంది పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న రూల్‌ని 2024లో ఆంధ్ర ఎత్తేసింది కూడా.

రాష్ట్రాల గ్రాఫ్‌కి మళ్లీ మొదటి నుంచి గీయక్కర్లేదు. ఈ చార్ట్ మీద రైట్ క్లిక్, సేవ్ యాజ్ టెంప్లేట్. బీహార్ అంకెలు వేరే షీట్‌లో పేస్ట్ చేసి ఆ టెంప్లేట్ ఎంచుకోండి. యాక్సిస్ మినిమమ్ మాత్రం ఒకసారి సరిచూసుకోండి.