అట్ నొక్కితే కొటేషన్ పడతంది

యాంకర్: లైన్లో ఎవరండీ? చెప్పండి.

కాలర్: నరసన్నపేట నుంచండి, రిటైర్డ్ టీచర్ని. పాత ల్యాప్‌టాప్ విండోస్‌ని మోయలేకపోతందని మా మనవడు దాని బదులు ఉబుంటు అనే లినక్స్ రకం ఎక్కించి వెళ్ళిపోయాడు. అంతా బాగుంది గానీ మెయిల్ ఐడీ కొట్టలేకపోతన్నాను. రెండు అంకె మీద అట్ గుర్తుందా, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే కొటేషన్ పడతంది. కీబోర్డు పోయిందేటి బాబూ? కొత్తది కొనీమంటారా?

నిపుణుడు: కొనకండి మాస్టారూ. ల్యాప్‌టాప్ ఎదురుగానే ఉందా? మూడు మీద షిఫ్ట్ నొక్కి ఏం పడిందో చెప్పండి.

కాలర్: ఉండండి... హ్యాష్ పడాలి కదా. ఎల్ లాగుందండి, మధ్యలో అడ్డగీత.

నిపుణుడు: అది బ్రిటిష్ పౌను గుర్తు. తేలిపోయింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీబోర్డు దగ్గర ‘ఇంగ్లిష్, యూకే’ అని పెట్టేశాడు మీవాడు. మన బజార్లో దొరికేవి దాదాపు అన్నీ యూఎస్ వరసవే. మీట మీద ఏం అచ్చయిందో కంప్యూటరుకి కనపడదు కదండీ. ఫలానా మీట నొక్కారన్న కబురే దానికి వెళ్తుంది. ఏ అక్షరం వెయ్యాలన్నది లేఅవుట్‌ని బట్టే, అంటే లోపల ఎంచుకున్న మీటల వరసని బట్టే.

కాలర్: అయితే మార్చీడమే గదా.

నిపుణుడు: ఒక్క క్షణం ఆగండి, గొడవంతా ఇక్కడే. మీ పాస్‌వర్డ్‌లో అట్ ఉందా? పాస్‌వర్డ్ చెప్పకండి, లైవ్‌లో ఉన్నాం. ఉందో లేదో చెప్తే చాలు.

కాలర్: (నవ్వుతూ) ఉందండి.

నిపుణుడు: మీరు అట్ అనుకుని కొట్టారు, లోపల దాచుకున్నది కొటేషన్. ఇప్పుడు లేఅవుట్ మార్చేస్తే అదే మీటకి నిజంగా అట్ పడుతుంది, పాస్‌వర్డ్ తప్పంటుంది. అందుకని ముందు టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరిచి పీ ఏ ఎస్ ఎస్ డబ్ల్యూ డీ అని కొట్టండి. పాతది ఎప్పట్లాగే కొట్టి, కొత్తది ఉత్త అక్షరాలు, అంకెలతో పెట్టుకోండి. అవి రెండు లేఅవుట్లలోనూ ఒక్కచోటే ఉంటాయి. కొడుతున్నప్పుడు తెరమీద చుక్క కూడా పడదు, కంగారు పడకండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో ఇన్‌పుట్ సోర్సెస్. ఇంగ్లిష్ యూఎస్ చేర్చి, యూకే తీసేయండి.

కాలర్: అంతేనా?

నిపుణుడు: లాగిన్ తెర మీద ఇంకా యూకేనే ఉండొచ్చు. అది సిస్టమ్ మొత్తానికి పెట్టిన లేఅవుట్. టెర్మినల్‌లో సుడో డీపీకేజీ హైఫన్ రీకాన్ఫిగర్ అని, ఖాళీ వదిలి, కీబోర్డ్ హైఫన్ కాన్ఫిగరేషన్ అని కొడితే అడుగుతుంది, అక్కడా యూఎస్ ఇవ్వండి. ఈ ముక్క మనవడి చేత చేయించుకున్నా పర్లేదు.

యాంకర్: ఉంటాం మాస్టారూ. తర్వాతి కాల్ రాజాం నుంచి.

కాలర్: సార్, డీటీపీ పని చేస్తాను. తెలుగు కొట్టడానికి చాన్నాళ్ళుగా యాపిల్ అనే లేఅవుట్‌కే చెయ్యి అలవాటు. లినక్స్‌లో ఎలగండి?

నిపుణుడు: ఉందమ్మా. ఉబుంటులో అయితే ఐబస్ హైఫన్ ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ వేసి, లాగౌట్ చేసి మళ్ళీ రండి. ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు తెరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే వేరే తెలుగు వరసలతో పాటు యాపిల్ కూడా కనిపిస్తుంది. కాకపోతే దానితో పడేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాలు. పేజ్‌మేకర్‌లో పాత ఫాంట్లతో చేసిన పెళ్ళి కార్డులు, కరపత్రాలు లేఅవుట్ మార్చినంత మాత్రాన చదవడానికి రావు. వాటికి కన్వర్టర్ వేరే కావాలి.

కాలర్: ఆ పాత కంప్యూటర్ని అమ్మీకుండా ఉంచుతాను అయితే.

నిపుణుడు: ఉంచండి, ఉంచండి.

యాంకర్: ఇచ్ఛాపురం నుంచి ఇంకొకరు.

కాలర్: అన్నా, నేను డిగ్రీ చదువుతున్నా. మాకు తెలుగూ కావాలి, ఒడియా కూడా కావాలి. రెండు రకాల స్టిక్కర్లు అంటించాలా?

నిపుణుడు: స్టిక్కర్లు వద్దు తమ్ముడూ. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో. 1991లో మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణంలోకి ఎక్కిన వరస అది. మన దేశపు లిపులకి మీటలు ఉమ్మడి: అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. కే నొక్కితే తెలుగులో తెలుగు క, ఒడియాలో ఒడియా క. శ్రీ రాయి చూద్దాం. షిఫ్ట్‌తో ఎమ్ శ, డీ పొల్లు, జే ర, ఆర్ దీర్ఘపు గుడి.

కాలర్: ఎమ్, డీ, జే, ఆర్... పడింది! ఒడియాకి మార్చి కొట్టాను, అందులోనూ పడింది.

నిపుణుడు: మన హ్రస్వ ఎ, ఒ లతో ఒడియాలో పని ఉండదు, తేడా అలాంటి చోట్లే. భాష మార్చడానికి విండోస్ బొమ్మ మీట, స్పేస్ కలిపి నొక్కాలి. ఇన్‌పుట్ సోర్సెస్ జాబితాలో పైన ఏది ఉంది?

కాలర్: ఒడియా పెట్టానన్నా.

నిపుణుడు: ఇంగ్లిష్ యూఎస్‌ని పైకి లాగు. లేకపోతే పాస్‌వర్డ్ అడిగినచోట ఒడియా పడుతూ ఉంటుంది, చుక్కలే కనిపిస్తాయి కాబట్టి నీకు తెలీదు.

కాలర్: ఓహో, పొద్దున్న మూడుసార్లు తప్పన్నది అందుకా!

యాంకర్: వార్తల వేళయింది. మిగతా కాలర్లు వచ్చే వారం ఇదే టైముకి చేయండి.