హైపోపీజీ రివ్యూ: ఇండెక్స్ కట్టకముందే దాని పనితనం తెలుస్తుందా?

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో టెస్టులు నడిపిన సర్వర్‌ను ఒక హోస్టింగ్ కంపెనీ నాకు ఉచితంగా ఇచ్చింది. హైపోపీజీ అనేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. అది మాత్రం ఓపెన్ సోర్స్, దాని తరఫున ఎవరూ పైసా ఇవ్వలేదు. ఇన్‌స్టాలేషన్, ఏ వెర్షన్‌లో నడుస్తుంది లాంటివి మీరు ఈపాటికే చూసి ఉంటారు కాబట్టి వదిలేస్తున్నా.

పోస్ట్‌గ్రెస్‌లో కోట్ల వరుసలున్న టేబుల్ మీద కొత్త ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) అంటే ఎంత టెన్షనో పనిచేసినవాళ్లకు తెలుసు. మామూలుగా కడితే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లో ఇన్సర్ట్‌లు, అప్‌డేట్‌లు ఆగిపోతాయి. కంకరెంట్లీ అని కడితే ఆగవు కానీ టేబుల్‌ను రెండుసార్లు స్కాన్ చేయాలి. ఇంతా చేశాక ప్లానర్, అంటే క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం, దాన్ని ముట్టుకోకపోతే?

హైపోపీజీ ఇక్కడే పనికొస్తుంది. ఇండెక్స్ ఉందని ప్లానర్‌ను నమ్మిస్తుంది, డిస్క్ మీద ఏమీ కట్టదు. క్వెరీని నడపకుండా దాని ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ కొడితే ప్లాన్‌లో దాని పేరు వస్తుంది, లేదా రాదు. కనెక్షన్ మూస్తే ఊహా ఇండెక్స్ మాయం. ఇది పాత ఆలోచనే. 1998లో వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0 ఇండెక్స్ ట్యూనింగ్ విజార్డ్ వెనక ఉన్నది ఇదే. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో సురజిత్ చౌధురి, వివేక్ నరసయ్య దాని మీద పనిచేశారు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంత తేలిగ్గా దొరకడం నాకు చాలా నచ్చింది.

ఇక అంకెల సంగతి. ఎక్స్‌ప్లెయిన్ చూపించే కాస్ట్ మిల్లీసెకన్లు కాదండీ. వరుసగా ఒక పేజీ (డిస్క్ మీద డేటా ముక్క) చదవడం 1 అనుకుంటే, ఎక్కడో ఉన్న పేజీని వెతికి చదవడం డిఫాల్ట్‌గా 4. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు చాలామంది దీన్ని 1.1కి దించుతారు. నేను ఒకే క్వెరీ, ఒకే ఊహా ఇండెక్స్ పెట్టి చూశా. 4 దగ్గర ప్లానర్ టేబుల్ మొత్తం చదవడానికే మొగ్గింది, 1.1 దగ్గర ఇండెక్స్ తీసుకుంది. అంటే మీ సెట్టింగ్‌లు, మీ టేబుల్ డేటా గురించి అనలైజ్ కమాండ్ సేకరించిన లెక్కలు ఎంత నిజమో, ఈ అంచనా కూడా అంతే నిజం. క్వెరీని నిజంగా నడిపి చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో సరిచూద్దామంటే కుదరదు, లేని ఇండెక్స్‌ను నిజంగా నడపలేం కదా.

నాకు అసలు చిరాకు తెప్పించేది రాతల ఖర్చు, అంటే టేబుల్‌లో డేటా రాసేటప్పుడు, మార్చేటప్పుడు పడే భారం. దాని గురించి ఇది ఒక్క మాట చెప్పదు. గతంలో నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఆర్డర్ల టేబుల్ ఉండేది. అందులో స్టేటస్ కాలమ్ రోజంతా మారుతూనే ఉంటుంది. ఆ కాలమ్ మీద ఇండెక్స్ పెట్టారు, రిపోర్టులు వేగమయ్యాయి. కానీ అప్‌డేట్‌లు నెమ్మదించాయి. కారణం హాట్ అప్‌డేట్. మారిన కాలమ్ ఏ ఇండెక్స్‌లోనూ లేకపోతే, అదే పేజీలో చోటు ఉంటే, పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌లను కదపకుండానే కొత్త వరుస రాస్తుంది. స్టేటస్ మీద బీ-ట్రీ (పోస్ట్‌గ్రెస్ మామూలుగా కట్టే ఇండెక్స్ రకం) పెట్టగానే ఆ సౌకర్యం పోయింది. ప్రతి మార్పుకూ ఆ టేబుల్ మీదున్న అన్ని బీ-ట్రీలలోనూ కొత్త ఎంట్రీ పడుతుంది, ఆ ఒక్కదానిలోనే కాదు. ఎక్స్‌ప్లెయిన్‌లో ఇదెక్కడా కనబడదు. రోజంతా అప్‌డేట్‌లు పడే టేబుల్‌కు చదివే ఖర్చు మాత్రమే చూపించే అంచనా సగం అంచనాయే.

మరి తీసుకోవాలా? నేనైతే తీసుకోమనే అంటాను. 1.4 వెర్షన్ నుంచి ఉన్న హైడ్ ఇండెక్స్ ఒక్కటి చాలు. ఉన్న ఇండెక్స్‌ను మీ సెషన్‌లో ప్లానర్‌కు కనబడకుండా దాచి, అది లేకపోతే ప్లాన్ ఏమవుతుందో తీసేయకముందే చూసుకోవచ్చు. పాత డేటాబేస్‌లలో ఎవరు పెట్టారో తెలియని ఇండెక్స్‌లు పేరుకుపోయి ఉంటాయి కదా, వాటి మీద ముందు దీన్నే వాడండి. కొత్తవి పెట్టేముందు మాత్రం పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్ అనే పోస్ట్‌గ్రెస్ గణాంకాల వ్యూలో హాట్ అప్‌డేట్‌ల లెక్క రాసిపెట్టుకోండి, ఇండెక్స్ కట్టాక మళ్లీ అదే చూడండి.