పటం గీసేటప్పుడు గొర్రెల కాపరి ఎక్కడున్నాడు?

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు గానీ, అందరి గురించీ చెబుతూ పోతే భోజనాల వేళ అయిపోతుంది, పెద్దలు మన్నించాలి. వాతావరణ మార్పును తట్టుకునేలా ఊరి ప్రణాళిక ఎలా తయారు చేయాలో చెప్పమన్నారు. చెబుతాను. అయితే నేను ఇంతదూరం వచ్చింది గొర్రెల కాపరుల గురించి మాట్లాడటానికి, అది చెప్పకుండా ఇక్కణ్ణుంచి దిగను.

ముందు వాన సంగతి. అనంతపురానికి ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలు మా దాకా వచ్చేసరికి పలచబడిపోతాయి. ఆ సగటును నమ్ముకొని ప్లాన్ వేస్తే మనం మునిగినట్టే. చెనక్కాయ ఊడలు దిగే వేళకి నెలరోజులు బెట్ట, ఆ తర్వాత రెండు రోజుల్లో వంకలు పొంగేంత వాన, ఇలా కూడా ఆ సగటు లెక్క సరిపోతుంది మరి! గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ తేమను పట్టుకుంటుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అందుకే ఊరికి కావలసింది ఒక్క ప్లాన్ కాదు. జూన్‌లో పడాల్సిన వాన ఆగస్టుకు జరిగితే ఏం చేస్తాం? వరసగా మూడేళ్లు కరువొస్తే? ఒక్క రాత్రిలో చెరువు కట్ట తెగేంత వాన పడితే? ఊరంతా పటం చుట్టూ కూర్చొని ఒక్కొక్క ప్రశ్నకూ లెక్క వేసి చూడాలి. సినారియో మోడలింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ జరిగే పని ఇదే.

పల్లెటూరివాళ్లకు ఈ లెక్కలు ఎక్కవు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి కొన్నేళ్లపాటు ఎఫ్‌ఏఓ అనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం, ప్రకాశం, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకున్నారు. వాన కొలిచింది వాళ్లే, బోరులోకి టేపు వదిలి నీటి మట్టం చూసింది వాళ్లే. రబీకి ముందు అందరూ కూర్చొని, భూమిలోకి ఎంత దిగింది, అందరూ వరి వేస్తే ఎంత కావాలి అని నీటి బడ్జెట్ వేశారు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. ఇది తెలిశాక ఏ పంట వేయాలో ఎవరి నిర్ణయం వాళ్లది. తర్వాత ఆహార విధానాల మీద పరిశోధన చేసే ఇఫ్‌ప్రి, పర్యావరణం మీద పనిచేసే ఎఫ్‌ఈఎస్ సంస్థలు రాయలసీమ పల్లెల్లో ఇదే విషయాన్ని ఆటగా ఆడించాయి. నువ్వు ఏ పంట ఎంచుకుంటే అందరి నీరు ఎంత దిగుతుందో ఆటలోనే కనబడుతుంది. ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు, కట్టుబాట్లు పెరిగాయి. పొలంలో పంటలు మాత్రం అలా మారలేదు. కాబట్టి ఆట ఆడించి, ఫొటో తీసుకొని వెళ్లిపోతే చాలదు.

ఇక కాపరి దగ్గరికి వస్తాను. ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో పటం గీశారు, బోర్లకు గులకరాళ్లు, తోటలకు ఆకులు పెట్టారు. గుట్ట దగ్గరికొచ్చేసరికి ఏమీ పెట్టలేదు, అక్కడ ఏముందిలే అని. రెండేళ్లు వాన లేకపోతే అన్న ప్రశ్నకు, గుట్ట చుట్టూ కంచె వేసి చెట్లు పెడదాం, కందకాలు తవ్వితే నీళ్లు ఇంకుతాయి అన్నారు. మంచి మాటే. వెనక నిలబడ్డ ఒక పెద్దాయన ముందుకొచ్చి, కర్రతో గుట్ట వెనక వాలు నుంచి కుంట దాకా ఒక గీత గీశాడు. "ఇది మా మంద నీళ్లకు పోయే దారి. కరువొస్తే పక్క మండలం మందలు కూడా ఈడికే వస్తాయి నాయనా, వాటినెవరు లెక్కేసినారు?" అన్నాడు.

ఎవరూ వేయలేదు! కరువు ఏడు ఆ గుట్ట మీద గొర్రెలు తగ్గవు, పెరుగుతాయి. ఈ ఒక్క సంగతితో అప్పటిదాకా వేసిన లెక్కంతా మారిపోయింది. మంద రాకపోతే చేలో మంద కట్టేదెవరు, ఎరువెక్కడిది అని రైతులే అడగడం మొదలుపెట్టారు. చివరికి గుట్టలో సగానికే ముందు కంచె, అక్కడ గడ్డి లేచాక రెండో సగం, మంద దారి వదిలెయ్యాలి అని ఒప్పుకున్నారు.

తర్వాత ఒక శాఖ తయారు చేసిన ప్లాన్ వచ్చింది. కంప్యూటర్ పటంలో ఆ గుట్ట బంజరు. కందకం సరిగ్గా ఆ దారికి అడ్డంగా తవ్వారు, కంచె మొత్తం గుట్టకు వేశారు. ఊరు ఒప్పుకున్న కాగితం చూపించినా వినలేదు. వేసవిలో కంచె తెగింది, కేసులయ్యాయి, అన్నదమ్ముల్లా ఉన్నవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. ఇన్ని గొర్రెలున్న చోట కాపరి లేకుండా ఊరి భవిష్యత్తు గీస్తే ఆ పటం ఎవరిదండీ? చాద్ దేశంలో హిందూ ఉమరూ ఇబ్రహీం అనే ఆవిడ పశువుల కాపరులతోనే తమ నేల నమూనాను అట్టముక్కలతో కట్టించారు. మగవాళ్లు అయిపోయిందన్నాక ఆడవాళ్లు వచ్చి, మందు చెట్లు ఎక్కడున్నాయో, వాళ్లు వదిలేసినవేమిటో చూపించారు. మన దగ్గరా అంతే, కట్టెలకు పోయే అమ్మకు తెలిసిన గుట్ట సర్పంచికి తెలియదు.

విద్యార్థులు చాలామంది ఉన్నారు, మీరే రేపు ఆఫీసర్లు. మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఊళ్లో మీటింగు పొద్దున పదకొండింటికి పెట్టకండి, ఆ వేళకు మంద గుట్ట మీద ఉంటుంది. వేసవిలో వలస పోయినప్పుడు అస్సలు పెట్టకండి, వాళ్లు తిరిగొచ్చేదాకా ఆగండి. పొద్దుగూకి మంద దొడ్లోకి చేరాక పెట్టండి. పక్క మండలం కాపరులకు కూడా కబురు పంపండి, వచ్చిపోయే ఖర్చు మీ బడ్జెట్‌లో రాసుకోండి. ఆ ఖర్చుకు ఏ పద్దూ లేదని పై ఆఫీసు అంటే, కొత్త పద్దు పెట్టమని గట్టిగా అడగండి.