ధార బాగుందని ధీమా పడవద్దు

గుంటూరు పెద్దలందరికీ నమస్కారం. ఆరు నెలలుగా నడుంనొప్పికి బామ్ రాసుకుంటూ, సంచి నిండా ఎక్స్‌రేలతో నా దగ్గరకు వచ్చిన ఒక రైతుగారిని తలచుకోకుండా ఈ విషయం మొదలుపెట్టలేను. మూత్రం ఎలా వస్తోందని అడిగితే, “దానికేం ఇబ్బంది లేదండీ, నడుమొక్కటే” అన్నారు. అప్పటికే ప్రోస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఆయన వెన్నుపూసలకు పాకింది.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మూత్రనాళం ఈ గ్రంథి మధ్యగా పోతుంది. క్యాన్సర్ ఎక్కువగా వెలుపలి అంచున పుడుతుంది కనుక తొలిదశలో ధారకు అడ్డు రాదు. రాత్రిపూట నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం చాలామందిలో వయసుతో గ్రంథి ఉబ్బడం వల్ల వచ్చేవే. ఇబ్బంది మొదలయ్యాక చూద్దాంలే అనుకుంటే, నయం చేయగల కాలం చేజారవచ్చు.

అందుకే పీఎస్‌ఏ రక్తపరీక్ష, అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందో కొలిచే పరీక్ష. అయితే మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటిన ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు, దాటని ప్రతివారికీ లేనట్టూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం బిగిసి గొట్టం వేసినా అంకె పెరుగుతుంది; గ్రంథి ఉబ్బుకు వాడే ఫినాస్టరైడ్ మాత్ర కొన్ని నెలల్లో దాన్ని దాదాపు సగానికి దించుతుంది. మీరు వాడే మాత్రల చీటీ వెంట తెమ్మని నేను పట్టుబట్టేది అందుకే. శిబిరంలో రక్తం తీసి, ఏమీ వివరించకుండా కాగితం చేతిలో పెట్టి పంపడం నాకు సమ్మతం కాదు.

యూరప్‌లో 1,60,000 మందికి పైగా పురుషులను 23 ఏళ్లు గమనించిన అధ్యయనం 2025లో వెలువడింది: పరీక్షకు పిలిచిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. దాని వెనుక మూల్యమూ ఉంది. ప్రాణహాని చేయని మందకొడి గడ్డలు కూడా బయటపడి, కొందరు అనవసరంగా ఆపరేషన్ల పాలయ్యారు. ఇప్పుడు ముందుగా ఎంఆర్‌ఐ తీసి, అనుమానమున్న చోటే సూదితో ముక్క తీస్తే అనవసరపు బయాప్సీలు తగ్గుతున్నాయి. మందకొడి రకమైతే చికిత్స మొదలుపెట్టకుండా క్రమం తప్పక గమనిస్తే చాలు.

50 దాటినవారు డాక్టరుతో మాట్లాడి పరీక్ష సంగతి తేల్చుకోండి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే 45కే అడగండి. తల్లికి, అక్కచెల్లెళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిన ఇళ్లలోనూ ఆ మాట దాచకండి. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో వంశపారంపర్యంగా వచ్చే లోపం ఆ క్యాన్సర్లకూ, ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ మూలం కావచ్చు.

ఆ రైతుగారి పెద్దబ్బాయికి 47 ఏళ్లు. తండ్రి మంచం పక్కనే పరీక్షకు ఒప్పుకున్నారు. ఫలితం 1.1, మళ్లీ ఎప్పుడు రావాలో ఆయన భార్య ఫైలు అట్టమీద రాసుకున్నారు.