గిఫ్ట్: కానుక, పెళ్లి, విషం

సభకు నమస్కారం.

పుట్టినరోజుకు మనం పట్టుకెళ్లే గిఫ్టు జర్మనీలో ఒక డబ్బా మీద కనిపిస్తే ముట్టుకోకండి. అక్కడ ఆ మాటకు అర్థం విషం. స్వీడన్‌లో దానికి విషమనీ, పెళ్లయినవారనీ రెండర్థాలు. డచ్చి భాష మాత్రం గిఫ్ట్‌ను కానుకకూ, తోక కోసిన ‘గిఫ్’ను విషానికీ పంచిపెట్టింది.

ఇవి పొరపాటున ఒకేలా వినిపించే వేర్వేరు మాటలు కావు. అన్నిటికీ మూలం ‘ఇవ్వడం’ అనే ఒక్క పాత జర్మానిక్ ధాతువు.

పెళ్లి సంగతి మనకు తేలిగ్గానే అందుతుంది. ‘అమ్మాయిని ఏ ఊరికిచ్చారు?’ అని మనమూ అడుగుతాం కదా! స్వీడిష్ మాట కూడా పిల్లనివ్వడం నుంచే వచ్చింది. పాత ఇంగ్లీషులో ఇదే మాటకు ఓలి, అంటే కన్యాశుల్కం అని అర్థం. అప్పుడు మొదటి అక్షరాన్ని యకారంగా పలికేవారు. నేటి గకారం, కానుక అన్న అర్థం వైకింగుల భాష ప్రభావంతో స్థిరపడ్డాయి. జర్మన్‌లో కట్నాన్ని ‘మిట్‌గిఫ్ట్’ అంటారు. పాత అర్థం ఆ ఒక్క సమాసంలో ప్రాణం నిలుపుకుంది.

మరి విషం ఎక్కడిది? నన్ను ఏళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న ఇది. జవాబు వైద్యుల దగ్గర ఉంది. రోగికి ఒక్కసారి ఇచ్చే మందును గ్రీకులు ‘డోసిస్’ అన్నారు, అంటే ‘ఇచ్చినది’. లాటిన్ ఆ మాటను తీసుకుంది. జర్మన్లు దానికి తమ భాషలో సరిపోయే మాటగా గిఫ్ట్‌ను వాడారు. విషమని నోరు తెరిచి అనలేనిచోట కూడా ‘ఇచ్చినది’ అన్నారు. చివరకు ఆ అర్థమే మిగిలి, కానుక వాడుక తప్పింది. ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లోని పాయిజన్‌దీ ఇలాంటి కథే: లాటిన్‌లో దాని మూలానికి ‘తాగేది’ అని అర్థం.

మనం రోజూ అనే డోసు ఆ గ్రీకు మాటే. దాని ధాతువూ, సంస్కృత ‘దానం’లోని ధాతువూ ఒకటే.

తెలుగులో జ్వరానికి మందు, చేనుకు మందు, సీసాలో మందు, తుపాకిలో మందు. ఊరి నుంచి ఫోను వచ్చి ‘మందు తాగాడు’ అంటే, ఏ మందో తెలిసేదాకా మన గుండె నిలవదు.