తాగే చోటు మూతపడినప్పుడు: కోవిడ్ కాలంలో శీతల పానీయాల వ్యాపారం

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

2020 ఏప్రిల్‌లో కోకాకోలా కంపెనీ అమ్మకాలు పరిమాణం లెక్కన ప్రపంచమంతటా దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. జనం కూల్‌డ్రింకులు మానేశారని దీన్నిబట్టి అనుకోకూడదు. అమెరికాలో ఇంటికి పట్టుకుపోయే డబ్బాలకు అప్పుడే గిరాకీ పెరిగింది. మూతపడ్డవి సినిమా హాళ్లు, హోటళ్లు, స్టేడియాలు, విమానాశ్రయాలు. ఆ కంపెనీ ఆదాయంలో సుమారు సగం ఇలా ఇంటి బయట తాగే పానీయాల మీదే వచ్చేది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల లెక్కలు చూస్తే, అమ్మకాల పరిమాణం 16 శాతం తగ్గగా, ఆదాయం 28 శాతం తగ్గింది. ఈ తేడాలోనే ఆ వ్యాపారం గుట్టు ఉంది. కోకాకోలా ప్రధానంగా అమ్మేది సీసాల్లో నింపిన పానీయం కాదు, దాన్ని తయారుచేసే గాఢమైన సారం. గిరాకీ తగ్గగానే, ఆ సారాన్ని కొని పానీయం తయారుచేసి సీసాల్లో నింపే బాట్లింగ్ కంపెనీలు తమ దగ్గరున్న నిల్వలను వాడుకుంటూ, కొత్త ఆర్డర్లను అంతకంటే ఎక్కువగా తగ్గించాయి. పైగా, దారిలో ఆగి తాగే చల్లని చిన్న సీసా మీద లీటరుకు వచ్చే రాబడి, ఇంట్లో పదిమందీ పంచుకునే పెద్ద సీసా మీద రాదు.

పెప్సీకో ఆదాయం అదే త్రైమాసికంలో 3 శాతం మాత్రమే తగ్గింది. ఆ కంపెనీ పానీయాలతో పాటు తినుబండారాలూ అమ్ముతుంది; ఇళ్లలో కూర్చున్నవారు దాని చిప్స్, ఓట్స్ బాగా కొన్నారు. దీన్ని అప్పటి యాజమాన్యం ముందుచూపు అనడం నాకు సమ్మతం కాదు. పెప్సీకోలా, చిప్స్ తయారుచేసే ఫ్రిటోలే కలిసి పెప్సీకోగా మారింది ఎప్పుడో 1965లో.

మన దేశానికి తగిలిన దెబ్బ వేరు. లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. ఎండలు, పెళ్లిళ్లు, వేసవి సెలవులు కలిసివచ్చే ఆ నెలల్లో పోయిన వ్యాపారాన్ని డిసెంబరులో రాబట్టుకోలేరు. ఆ త్రైమాసికంలో గ్యాస్ పానీయాల అమ్మకాలు తగ్గడానికి కోకాకోలా చెప్పిన కారణాల్లో భారతదేశం ఒకటి.

గ్యాస్ విషయానికి వస్తే, ఎవరూ ఊహించని చోట లంకె బయటపడింది. అమెరికాలో పానీయాలకు వాడే కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద భాగం, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాల్లో ఉపఉత్పత్తిగా వస్తుంది. ఆ ఇథనాల్‌ను పెట్రోలులో కలుపుతారు. కార్లు కదలక పెట్రోలు వాడకం పడిపోయి, ఇథనాల్ కర్మాగారాలు ఒక్కొక్కటిగా ఆగిపోవడంతో, గ్యాస్ కొరత రాబోతోందని పానీయాల సంస్థలు, బీరు తయారీదారులు ఏప్రిల్‌లోనే ప్రభుత్వాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. కొద్ది నెలలకే అల్యూమినియం డబ్బాలకూ కొరత ఏర్పడింది. ఉన్న డబ్బాలను బాగా అమ్ముడయ్యే రకాలకే కేటాయించడంతో కొన్ని రుచులు దుకాణాల్లో కనిపించకుండా పోయాయి.

ఆ ఏడాదే కోకాకోలా తన 400 బ్రాండ్లను సుమారు సగానికి కుదించడానికి పూనుకుంది. వాటిలో సగానికి పైగా ఒక్కో దేశానికే పరిమితమైనవి. అన్నీ కలిపినా ఆదాయంలో వాటి వాటా సుమారు 2 శాతమే. 1963 నుంచి ఉన్న ట్యాబ్ అనే డైట్ కూల్‌డ్రింకు, ఓడ్వాలా పండ్ల రసాలు, జీకో కొబ్బరినీళ్లు ఆ వరుసలో పోయాయి. డిసెంబరులో ప్రపంచవ్యాప్తంగా 2,200 ఉద్యోగాల కోత ప్రకటించారు. ఇవన్నీ కోవిడ్ తెచ్చిన నిర్ణయాలని అనలేం. బలహీనమైన బ్రాండ్లను వదిలించుకోవాలన్న ఆలోచన ఆ కంపెనీలో అంతకుముందే ఉంది. వాయిదా వేయడానికి ఉన్న సాకులను మాత్రం మహమ్మారి తొలగించింది.