జెన్‌లో ఎస్టీమ్ 1.3 ఇంజన్: పికప్ సరే, బ్రేకుల సంగతేంటి?

నమస్తే అందరికీ. నా వెనకాల ఉన్న బండి మీ అందరికీ తెలిసిందే. మారుతి జెన్, 1998 మోడల్, ఏపీ 9 నంబర్. పెయింట్ అక్కడక్కడా వెలిసిపోయింది, వీల్ క్యాపులు కూడా కంపెనీవే. సిగ్నల్ దగ్గర పక్కన ఆగితే ఎవరూ తలతిప్పి చూడరు. కానీ దీని బానెట్ కింద 993 సీసీ ఇంజన్ లేదు. మారుతి వాళ్ల సెడాన్ ఎస్టీమ్‌లో వచ్చే 1.3 ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే, పదహారు వాల్వుల ఇంజన్ ఉంది.

ముందే చెప్పేస్తున్నా, ఓనర్ అన్న నడపడానికి ఇచ్చిన ఈ బండి నాకు తెగ నచ్చింది. అయినా మీరూ చేయించుకోండి అని చెప్పడానికి ఈ వీడియో తీయడం లేదు. ఇంజన్ ఎక్కించడం ఒక్క రోజు పని. దాని చుట్టూ ఉన్నవి సరిచేసుకోవడమే అసలు పని, డబ్బంతా పోయేదీ అక్కడే.

ముందు అంకెలు చూద్దాం. కార్బురేటర్ జెన్ పవర్ 50 హార్స్ పవర్. ఈ ఎస్టీమ్ ఇంజన్‌ది 85. బండి బరువు సుమారు 750 కిలోలు. అంటే మొదట్లో ఒక్కో హార్స్ పవర్ పదిహేను కిలోలు మోసేది, ఇప్పుడు తొమ్మిదికి కాస్త తక్కువే మోస్తోంది. ఇవాళ షోరూంలో ఉన్న 1.2 లీటర్ స్విఫ్ట్ కూడా ఇంచుమించు 82 దగ్గరే ఉంది, బరువేమో 900 కిలోలు దాటింది. ఈ లెక్క చూస్తే చాలు, ఈ పాత జెన్ కొత్త స్విఫ్ట్‌ని ఎందుకు ఇబ్బంది పెడుతుందో అర్థమైపోతుంది.

ఇంకో మాట. జెన్‌లో పెద్ద ఇంజన్ పెట్టడం ఎవరో కుర్రాళ్ల పిచ్చి అనుకోకండి. మారుతి వాళ్లే 1998లో ఇదే బాడీలో ప్యూజో 1527 సీసీ డీజిల్ ఇంజన్ పెట్టి అమ్మారు. అంటే ఈ బానెట్ కింద చోటుకి కొదవ లేదు. పైగా జెన్ ఇంజన్, ఎస్టీమ్ ఇంజన్ రెండూ సుజుకి జీ సిరీస్‌వే, రెండూ అల్యూమినియం బ్లాకులే. జెన్‌ది బోర్ (సిలిండర్ వెడల్పు) 72, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 61 మిల్లీమీటర్లు. ఎస్టీమ్‌ది బోర్ 74, స్ట్రోక్ 75.5. తేడా ఎక్కువగా స్ట్రోక్‌లోనే ఉంది చూశారా? అందుకే కింద ఆర్పీఎంలో దీనికి అంత లాగుడు. డీజిల్ జెన్‌లా ముందు భాగం బరువెక్కిపోయే బాధ కూడా లేదు.

తమ్ముడూ, బానెట్ ఎత్తుతున్నా, కెమెరా కొంచెం కిందికి దించు. ఇదిగో, బ్లాక్ మీద జీ13బీబీ అని ఈ ఇంజన్ కోడ్ ఉంది, కనిపిస్తోందా? సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. కానీ ఇదొక్కటే చూస్తే సరిపోదు. ఇదే ఇంజన్ మారుతి జిప్సీ జీపులోనూ వచ్చేది, అందులో అడ్డంగా కాకుండా ముందు నుంచి వెనక్కి పొడవుగా కూర్చుంటుంది. సంప్ (కింద ఆయిల్ ఉండే తొట్టి), మౌంటింగులు వేరే ఉంటాయి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, జాంబాగ్ వైపు స్పేర్ పార్టుల షాపుల్లో అడిగేటప్పుడు "ఎస్టీమ్‌దే కావాలి భాయ్, గేర్ బాక్స్, యాక్సిళ్లు, ఈసీఎం, వైరింగ్ మొత్తం సెట్ కావాలి" అని గట్టిగా చెప్పండి. ఈసీఎం అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్. ముందు ఇంజన్ తెచ్చుకుందాం, వైరింగ్ తర్వాత చూసుకుందాం అనుకున్నవాళ్ల బండ్లు చాలావరకు షెడ్డులో దుమ్ము పట్టి ఉంటాయి.

ఇప్పుడు ఈ పైపు చూడండి. నాకు బండి మొత్తంలో ఎక్కువ నచ్చిన పని ఇది, చూడ్డానికేమో ఏమీ లేదు. కార్బురేటర్ జెన్‌లో పెట్రోల్ పంపు మెకానికల్, ఇంజనే దాన్ని తిప్పుతుంది, ప్రెషర్ చాలా తక్కువ. ఇంజెక్టర్లకు రెండున్నర, మూడు బార్ల ప్రెషర్ కావాలి. అందుకే ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు పెట్టించారు, మిగిలిన పెట్రోల్ వెనక్కి వెళ్లడానికి రిటర్న్ లైన్ వేయించారు. పాత రబ్బరు పైపులన్నీ తీసేసి, ఆ ప్రెషర్ తట్టుకునే హోస్ వేసి, ప్రతి జాయింటుకీ స్క్రూ క్లాంపు బిగించారు. చాలామంది ఇక్కడే నాలుగు రూపాయలు మిగుల్చుకుందామని పాత పైపే ఉంచేస్తారు. వేడి ఇంజన్ పక్కన ప్రెషర్‌తో పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

రేడియేటర్ కూడా ఎస్టీమ్‌దే. మే నెలలో లంగర్ హౌస్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే పాత జెన్ రేడియేటర్ ఈ వేడిని మోయలేదు. ఫ్యాన్‌కి విడిగా రిలే, ఫ్యూజు ఉన్నాయి. వైరింగ్ మాత్రం రెండోసారి చేయించిందట. మొదటిసారి చేసిన గ్యారేజ్ వాళ్లు జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టేశారు. వానాకాలం రాగానే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలైంది. ఇప్పుడు అన్నీ కప్లర్లే. డ్యాష్‌బోర్డ్ కింద ఆ చిన్న పసుపు బల్బ్ ఉంది చూడండి, అది చెక్ ఇంజన్ లైట్. కార్బురేటర్ బండికి ఆ లైటే ఉండదు కదా, విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. అందంగా లేదు, కానీ ఉండాల్సిందే.

సరే, ఇంక నడుపుదాం.

మెహదీపట్నంలో ఎక్కి, అప్పా జంక్షన్, మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వైపు వెళ్తున్నాం. ఫస్ట్ గేర్‌లో పెద్ద తేడా తెలియదు. క్లచ్ కొంచెం గట్టిగా ఉంది, పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో చేతులకి పని తప్పదు. అసలు మజా సెకండ్, థర్డ్‌లో ఉంది. ముప్పైలో ఆర్టీసీ బస్సు వెనక ఉన్నాం అనుకోండి, థర్డ్‌లోనే నొక్కితే చాలు, బస్సు వెనక్కి వెళ్లిపోతుంది. మామూలు జెన్ అయితే సెకండ్‌కి దించి, ఏసీ ఆపి, దేవుడికి దండం పెట్టి నొక్కాలి. ఇదిగో ఏసీ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే దాటేశాం.

గేర్ బాక్స్ కూడా ఎస్టీమ్‌దే వేశారు, మంచి పని చేశారు. జెన్ గేర్ బాక్సే ఉంచేస్తే సిటీలో ఇంకా దూకుడుగా ఉంటుంది కానీ, ఔటర్ రింగ్ రోడ్ మీద వంద దాటేసరికి ఇంజన్ అరిచి గోల చేస్తుంది. ఔటర్‌లో కార్లకి లిమిట్ 120. అక్కడిదాకా ఇది సునాయాసంగా వెళ్తుంది, కానీ నాకు అక్కడ నడపాలనిపించలేదు. లారీ పక్కనుంచి పోతే గాలికి బండి ఊగుతోంది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఇంజన్ మారింది గానీ బాడీ ఆ కాలందే. వంద లోపే నడపండి.

వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. ఇక్కడ నవ్వాగడం లేదు నాకు. మలుపు తిరిగి సెకండ్‌లో తొక్కితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుపోతున్నట్టు ఉంది, ముందు చక్రాలు కాస్త జారుతున్నాయి కూడా. దిగేటప్పుడు అసలు పరీక్ష. ఓనర్ అన్న డిస్కులు, క్యాలిపర్లు, బ్రేక్ బూస్టర్, మాస్టర్ సిలిండర్ అన్నీ ఎస్టీమ్‌వి వేయించాడు, మంచి టైర్లు వేశాడు. కాబట్టి బ్రేక్ కొడితే బండి ఆగుతోంది. నేను ఇంతకుముందు నడిపిన ఇలాంటి ఇంకో జెన్‌లో బ్రేకులు పాతవే. అందులో ఘాట్ సగం దిగేసరికి పెడల్ మెత్తబడిపోయింది, వాసన వచ్చేసింది, దిగి చల్లారేదాకా కూర్చున్నాం. నన్నడిగితే బ్రేకులు, టైర్లు, షాక్ అబ్జార్బర్లు ముందు మార్చి, ఆ తర్వాతే ఇంజన్ కొనడానికి పుత్లీబౌలి వెళ్లాలి. అదే వరసలో చేసినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు, అది వేరే సంగతి.

ఇప్పుడు చేదు విషయం. మోటార్ వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టంలో 182ఏ చేర్చారు. ఓనరే బండిని ఇలా మారిస్తే ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొల్యూషన్ టెస్ట్ పాసైంది కదా అంటారేమో. వాళ్లు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ చూస్తారు, ఇంజన్ ఎన్ని సీసీలో చూడరు. కానీ పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది. అక్కడ ఇన్‌స్పెక్టర్ ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్ ఆర్సీతో సరిచూస్తాడు. ఆర్సీలో 993 సీసీ, కళ్ల ముందు జీ13బీబీ. ఏం చెబుతారు? యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి క్లెయిమ్ కొట్టేయడానికి వేరే సాకు కూడా అక్కర్లేదు.

పాడైన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేసుకుని, ఆర్టీఏ పర్మిషన్‌తో ఆర్సీలో నంబర్ మార్పించుకోవడం వేరు. పెద్దది వేయడం వేరు. ఈ రెండూ ఒకటే అని మీకు చెప్పే మెకానిక్‌లు ఉంటారు, నమ్మకండి. ఆటోక్రాస్, ర్యాలీ, ట్రాక్ కోసం అయితే లెక్క వేరు. అక్కడికి బండిని ట్రాలీ మీద తీసుకెళ్లండి, నిబంధనల ప్రకారం రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా లోపలివాళ్లని కాపాడే ఇనుప చట్రం) పెట్టించండి, కోరికలన్నీ తీర్చుకోండి.

ఖర్చెంతయింది అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. ఓనర్ అన్నని అడిగా. "వీడియో మా ఇంట్లో వాళ్లు చూస్తారు తమ్ముడూ, వదిలెయ్" అన్నాడు. ఇంజన్ సెట్‌కి పెట్టిన దానికంటే మిగతావాటికి ఎక్కువైంది అన్నది మాత్రం ఒప్పుకున్నాడు. దానికి తోడు రెన్యువల్ ఫీజులు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారుకి 5 వేలు, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటితే 10 వేలు.

రోజూ ఆఫీసుకి తిప్పే బండి అయితే నా సలహా ఇది. మీ జెన్ 1.0 ఇంజన్‌నే బాగు చేయించండి. కంప్రెషన్ చూపించండి, కార్బురేటర్ శుభ్రం చేయించండి, టైమింగ్ బెల్ట్, ప్లగ్గులు, వైర్లు, క్లచ్ మార్పించండి. ఇన్నేళ్ల పాత జెన్‌లలో చాలావాటికి ఆ 50 హార్స్ పవర్ కూడా సరిగ్గా రావడం లేదు. పోయింది తిరిగొస్తేనే కొత్త బండిలా ఉంటుంది, ఆర్సీ భయమూ ఉండదు.

మారుతి 800లో ఈ 1.3 పడుతుందా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. పట్టించినవాళ్లు ఉన్నారు. కానీ అది మూడు సిలిండర్ల బండి, జెన్ కంటే చిన్నది, తేలికైనది. మౌంటింగుల దగ్గర్నుంచి కోసి వెల్డింగ్ పెట్టాలి, బ్రేకుల సంగతి ఇంకా ఘోరం. నేనైతే అందులో పక్క సీట్లో కూడా కూర్చోను.